ఆ రికార్డు దొరికి ఉంటే: 1945 ఆగస్టు 14 రాత్రి టోక్యోలో ఏ ముప్పు తప్పింది?

అణుయుద్ధం తర్వాత సైన్యం గద్దెనెక్కితే ఎలా ఉంటుందన్న ఊహ చుట్టూ చాలా కథలే అల్లారు. ఆ కథలన్నిటిదీ దాదాపు ఒకే వరస. నగరాలు బూడిదవుతాయి, మంత్రులు చనిపోతారు, ఎక్కడో నేలమాళిగలో బతికి బయటపడ్డ జనరల్ గత్యంతరం లేక పగ్గాలు పట్టుకుంటాడు. తిండి పంచుతాడు, దోపిడీలు ఆపుతాడు, ఆ తర్వాత మెల్లగా నియంతవుతాడు. దేశంలో ఖాళీ ఏర్పడితేనే దాన్ని నింపడానికి సైన్యం వస్తుందన్న నమ్మకం ఈ కథల అడుగున ఉంది. నా పేచీ ఆ నమ్మకంతోనే. యుద్ధంలో అణుబాంబు దెబ్బ తిన్న దేశం ఇప్పటికి జపాన్ ఒక్కటే. అక్కడ సైనిక పాలన తేవడానికి నిజంగానే ప్రయత్నం జరిగింది. కానీ ఖాళీ లేదు. ప్రభుత్వం బతికే ఉంది, యుద్ధం ఆపాలని నిర్ణయం కూడా తీసుకుంది. ఆ నిర్ణయాన్ని, దాన్ని ప్రకటించే చక్రవర్తి ప్రసంగ రికార్డును అడ్డుకోవడానికే కుట్రదారులు తుపాకులు పట్టుకుని బయల్దేరారు.

ఆగస్టు 6న హిరోషిమా పోయింది. 9 తెల్లవారుజామున సోవియట్ సేనలు జపాన్ గుప్పిట్లో ఉన్న మంచూరియాలోకి దిగాయి. ఆ ఉదయం యుద్ధ నిర్వహణ మండలిలోని ఆరుగురు పెద్దలు టోక్యోలో సమావేశమై ఉండగానే నాగసాకి మీద రెండో బాంబు పడింది. ప్రధాని సుజుకి, విదేశాంగ మంత్రి తోగో, నౌకాదళ మంత్రి యోనాయ్ ఒక వైపు; సైనిక మంత్రి అనామి, సైన్యాధిపతి ఉమెజు, నౌకాదళాధిపతి తొయోదా మరో వైపు. చక్రవర్తి స్థానానికి ముప్పు లేకుంటే చాలు, లొంగిపోదామన్నారు మొదటి ముగ్గురు. మిగతా ముగ్గురు ఇంకా షరతులు పెట్టారు: ఆయుధాలు మేమే దించుకుంటాం, విచారణలు మేమే జరుపుకుంటాం, ఆక్రమణ ఉండకూడదు. రెండు నగరాలు పోయాక కూడా ఆ ఆరుగురిలో ఒక్కరు ఇటు నుంచి అటు మారలేదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. చివరికి చక్రవర్తి హిరోహితో 10వ తేదీ తెల్లవారుజామున ఒకసారి, 14 ఉదయం మరోసారి నోరు విప్పి చెబితే తప్ప ముడి వీడలేదు.

సైనిక మంత్రిత్వ శాఖలోని యువ అధికారులు అప్పటికే పథకం సిద్ధం చేసుకున్నారు. మార్షల్ లా పెట్టాలి, చక్రవర్తిని శాంతివాదులకు అందకుండా చేయాలి, ప్రధానితో సహా లొంగుబాటు కోరేవాళ్లను నిర్బంధించాలి. 13వ తేదీ రాత్రి దీన్ని అనామి ముందు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు, అలాగని తెగేసి కాదనీ అనలేదు. వాళ్లలో అందరికంటే మొండివాడు మేజర్ హతనాకా కెంజి.

14 రాత్రి రాజప్రాసాదంలో రేడియో సాంకేతిక సిబ్బంది లొంగుబాటును ప్రకటించే చక్రవర్తి ప్రసంగాన్ని రెండుసార్లు రికార్డు చేశారు. మర్నాడు మధ్యాహ్నం అది దేశమంతా వినిపించాలి. అర్ధరాత్రి దాటాక హతనాకా బృందం చక్రవర్తి అంగరక్షక దళానికి కమాండరైన లెఫ్టినెంట్ జనరల్ మోరిని కలిసి కుట్రలో చేరమంది. ఆయన ఒప్పుకోకపోవడంతో అక్కడికక్కడే చంపేసి, ఆయన ముద్రతోనే దొంగ ఉత్తర్వు పుట్టించారు. ప్రాసాదాన్ని చుట్టుముట్టమని అందులో ఉంది. సైనికులు నమ్మారు. పై అధికారి ముద్ర ఉంటే నమ్మక ఏం చేస్తారు? టెలిఫోన్ తీగలు తెగాయి, గేట్లు మూతబడ్డాయి. ఇక కావలసింది ఆ రికార్డులే.

ఆ రాత్రి అమెరికా బి-29 విమానాలు ఉత్తరాన అకితా దగ్గరి చమురు శుద్ధి కర్మాగారం మీదికి వెళ్తుండటంతో టోక్యో అంతటా దీపాలు ఆర్పేశారు. చిమ్మచీకటి. దారి తెలియని ఆ భవనాల్లో సైనికులు టార్చిలైట్లు పట్టుకుని గది తర్వాత గది వెతికారు. రికార్డులు మహారాణి పరిచారకులు వాడే చిన్న గదిలో, ఓ మామూలు ఇనప్పెట్టెలో ఉన్నాయి. వాటిని అక్కడ దాచింది తొకుగవా యొషిహిరో అనే రాజోద్యోగి. సైనికులు ఆయన్ను పట్టుకుని కొట్టారు. ఆయన చెప్పలేదు. తెల్లవారుతుండగా హతనాకా రేడియో కేంద్రానికి వెళ్లి అనౌన్సరుకు పిస్తోలు గురిపెట్టి, తన ప్రకటన చదవనివ్వమన్నాడు. వైమానిక దాడి హెచ్చరిక అమల్లో ఉందని, సైన్యం అనుమతి లేనిదే ప్రసారం కుదరదని అనౌన్సరు జవాబిచ్చాడు. పిస్తోలు ఎదురుగా ఉండగా నిబంధన చెప్పిన ఆ మనిషి ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. ఈలోగా తూర్పు సైనిక మండలాధిపతి జనరల్ తనాకా స్వయంగా ప్రాసాదానికి వచ్చి సైనికులను వెనక్కి పంపేశాడు.

ఆ రికార్డు దొరికి ఉంటే?

తిండి పంచే జనరల్ కథ అక్కడ నడిచేది కాదు. జూన్‌లోనే చట్టం చేసి 15 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను, 17 నుంచి 40 ఏళ్ల ఆడవాళ్లను స్వచ్ఛంద పోరాట దళంలో చేర్చారు. చాలామందికి దక్కింది వెదురు బల్లేలు. మార్చి నుంచి అమెరికా విమానాలు ఓడరేవుల చుట్టూ నీళ్లలో మందుపాతరలు పరచడంతో బయటి నుంచి తిండిగింజలు రావడమే గగనమైంది. ఆ ఏడు వరి పంటా దెబ్బతింది. కొత్త సైనిక ప్రభుత్వానికి పంచడానికి చావు తప్ప ఏం ఉండేది? మూడో బాంబు ఆగస్టు 17 లేదా 18 తర్వాత సిద్ధమవుతుందని అమెరికా అణుబాంబు కార్యక్రమాన్ని నడిపిన జనరల్ గ్రోవ్స్ 10వ తేదీనే పైవాళ్లకు రాశాడు. తన ఆజ్ఞ లేనిదే వేయొద్దని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆపాడు. టోక్యోలో యుద్ధం కొనసాగిస్తామనే ప్రభుత్వం వస్తే ఆ ఆంక్ష ఎన్నాళ్లుండేదో ఊహించవచ్చు. జపాన్ దీవి హొక్కైదోలో ఉత్తర భాగం తనకు కావాలని 16న స్టాలిన్ అడిగాడు. ట్రూమన్ కాదన్నాక, 22న ఆ దాడి ఆలోచన విరమించుకున్నాడు. యుద్ధం ఇంకో నెల సాగితే కొరియాలాగే జపానూ రెండు ముక్కలయ్యేదని నా అంచనా.

ఇది జపాన్‌తో ఆగే కథా కాదు. చక్రవర్తి ఆజ్ఞ అందకపోతే మంచూరియా నుంచి బర్మా దాకా ఉన్న లక్షల జపాన్ సైనికులు ఆయుధాలు దించేవారు కాదు. మలయా మీదికి బ్రిటిష్ ఇండియా సేనలు సెప్టెంబర్ 9న దిగాల్సి ఉంది. అది నెత్తుటి యుద్ధమయ్యేది. మలయా రబ్బరు తోటల నుంచి సయాం (నేటి థాయ్‌లాండ్)–బర్మా రైలు మార్గం పనికి జపాన్ సైన్యం తోలుకెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. వేలమంది అడవుల్లోనే పోయారు. మిగిలినవాళ్లకు ఆ శిబిరాల్లో ఒక్కో నెలా ఒక్కో గండమే. ఆగస్టు 18న తైపేలో సుభాష్ చంద్రబోస్ ఎక్కిన విమానం కూడా లొంగుబాటు తర్వాతి ప్రయాణమే.

సైనిక పాలనకు ఇంకో దారీ ఉంది. అందులో తుపాకీ పేలదు, సంతకం చాలు. అణుబాంబు కాకపోయినా, అకస్మాత్తుగా ఆకాశం నుంచి దెబ్బ తిన్న, అమెరికా పాలనలోని హవాయి దీనికి ఉదాహరణ. పెరల్ హార్బర్ దాడి జరిగిన 1941 డిసెంబర్ 7 మధ్యాహ్నమే అక్కడి గవర్నర్ మార్షల్ లా మీద సంతకం చేసి పాలనను సైన్యానికి అప్పగించాడు. పౌర న్యాయస్థానాలు మూతపడ్డాయి. సైనిక కోర్టులు నిమిషాల్లో శిక్షలు వేశాయి. కొందరికి శిక్షగా రక్తదానం చేయమన్నాయి. 1942 జూన్‌లో మిడ్‌వే యుద్ధంలో జపాన్ ఓడటంతో దండయాత్ర భయం దాదాపు తొలగిపోయింది. మార్షల్ లా ఎత్తేసింది మాత్రం 1944 అక్టోబర్‌లో. ఆ సైనిక విచారణలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసరికి 1946 వచ్చింది. ప్రజాస్వామ్య దేశంలో, కోర్టులు పనిచేయగలిగి ఉండీ, ఒక్క ఉదయపు దాడికి దాదాపు మూడేళ్ల సైనిక పాలన!

మన ఉపఖండంలో ఈ ప్రశ్న ఊహాగానం కాదు. ప్రతీకార అణుదాడికి ఆజ్ఞ ఇవ్వగలిగేది పౌర రాజకీయ నాయకత్వమేనని భారత్ 2003 జనవరి 4న ప్రకటించింది. సరిహద్దుకు అవతల 1958లో, 1977లో, 1999లో ప్రభుత్వాలను కూలదోసిన సైన్యం ఉంది. అణు విధానం మీద మన చర్చలన్నీ మీట ఎవరు నొక్కుతారన్న దగ్గరే ఆగిపోతాయి. మొదటి దెబ్బ పడ్డాక ఆపమని ఎవరు చెబుతారు, చెబితే యూనిఫాంలో ఉన్నవాళ్లు వింటారా అన్న మాట అరుదుగా వినిపిస్తుంది. ఢిల్లీ, ఇస్లామాబాద్ రెండూ తమ జనానికి దీనికి జవాబు బాకీ ఉన్నాయి.

టోక్యోలో ఆ జవాబు ముందే రాసి పెట్టారు. తిరుగుబాటుకు కొన్ని గంటల ముందు, 14వ తేదీ మధ్యాహ్నం, సైన్యంలోని పెద్దలు చివరిదాకా చక్రవర్తి నిర్ణయానికి కట్టుబడి నడుస్తామని కాగితం మీద సంతకాలు పెట్టారు. సంతకం చేసినవాళ్లలో ఫీల్డ్ మార్షల్ హతా ఉన్నాడు. హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. మర్నాడు తెల్లవారుజామున కత్తితో పొట్ట చీల్చుకుని చనిపోయిన అనామి సంతకం కూడా ఆ కాగితం మీద ఉంది.