ల్యాబు తాళానికి ఒక నమస్కారం

ఏడాదికి ఒక్కసారి తెరుచుకునే తలుపులు మనకు రెండున్నాయి. ఒకటి ముక్కోటి ఏకాదశి నాడు గుళ్లో తెరిచే ఉత్తర ద్వారం. రెండోది ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ ల్యాబు తలుపు. మొదటిదాని ముందు తెల్లవారకముందే జనం బారులు తీరతారు. రెండోదాని ముందు, ప్రాక్టికల్స్‌కు సరిగ్గా వారం ముందు, ఒక అటెండరు సుత్తి పట్టుకుని నిలబడతాడు. తాళంచెవి ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తుండదు గనక.

మా అన్నయ్య కొడుకు ఈ ఘట్టాన్ని కళ్లారా చూశాడు. ఎంపీసీ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. తుప్పు పట్టిన తాళం రెండు దెబ్బలకు కదల్లేదట, మూడో దెబ్బకు ఊడిపడిందట. తుప్పు పట్టడం రసాయన చర్య, ఊడిపడటం భౌతిక చర్య. లోపలికి అడుగు పెట్టకముందే రెండు సబ్జెక్టులూ గుమ్మం దగ్గరే పూర్తయ్యాయి. అయినా సరే, పిల్లల చేత ప్రయోగాలు చేయించడం లేదని ఆడిపోసుకునేవారు ఊరికొకరు ఉంటారు. వారికి లెక్కలతో సహా జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు కాలం లెక్క. ఎంసెట్ అనే పిలుపు మన నోటి నుంచి ఇంకా పోని ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు అరవై ఏడున్నర సెకన్లు. ఇప్పుడు లఘులోలకం సంగతి చూడండి. మీటరు పొడవు దారానికి గుండు కట్టి వదిలితే ఇరవై సార్లు ఊగడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. సరిచూసుకోవడానికి రెండోసారి ఊపాలి, మరో 40. ఒక్క రీడింగుకే ఒక ప్రశ్న చేజారిపోయింది! అలాంటి రీడింగులు అయిదారు తీసుకుంటే ర్యాంకు ఏ ఊళ్లో తేలుతుందో చెప్పలేం. భూమి తీరిగ్గా లాగుతుంది, దానికి కౌన్సెలింగ్ లేదు. మనకుంది.

ప్రయోగాలు లేకపోతే పిల్లలకు ఏమీ రాదనడం మరీ అన్యాయం. సెకండియర్ ఫిజిక్స్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటుంది, న్యూక్లియర్ రియాక్టర్. తెలుగు నేల మీద ఇంటర్ చదివిన ఏ పిల్లవాణ్ణి నిద్రలో లేపి అడిగినా పటం గీసి, కాడ్మియం కడ్డీలు ఎక్కడ దించాలో, భార జలం ఎందుకు పోయాలో గడగడా చెప్పేస్తాడు. మావాడు సంక్రాంతికి మూడు రోజులు ఇంటికి వచ్చినప్పుడు, ఫ్యూజు పోయింది కాస్త తీగ మార్చమని వాళ్లమ్మ అడిగింది. వాడు ఫ్యూజు డబ్బా వైపు, ఎదురింటి కుక్క వైపు చూసినట్టు చూశాడు. చివరికి వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి మార్చాడు. అతను పదో తరగతి తప్పాడు, పాపం, రియాక్టరు గురించి ఏమీ తెలియదు.

ఆ మూడు రోజుల్లోనే వాడి కెమిస్ట్రీ రికార్డు తిరగేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. సీనియర్ రికార్డులోంచి కామాతో సహా దించాడు. నైట్రేటుకు గోధుమ రంగు వలయం వచ్చింది, నికెల్‌కు ఎర్రటి అవక్షేపం వచ్చింది, అమ్మోనియాకు 'ఘాటైన వాసన గమనించడమైనది'. అప్పటికి వాడు ఆ ల్యాబులో అడుగే పెట్టలేదు. ఆ పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సాంబారు వాసన వచ్చింది. హాస్టల్ మెస్‌లో కూర్చుని రాశాడట. గమనించడం అంటూ జరిగింది కదా, అది చాలు.

పరీక్ష రోజున ఇచ్చే సాల్టు గురించి కూడా అపోహలున్నాయి. తెల్లటి పొడి ఇచ్చి అందులో ఏముందో కనిపెట్టమనడం పదిహేడేళ్ల పిల్లల పట్ల క్రూరత్వం. అందుకే దయగల అటెండర్లు ఉంటారు. నీళ్ల సీసా అందిస్తూ 'బాబూ, సీసం జాగ్రత్త' అని తండ్రిలా హెచ్చరిస్తారు. పిల్లవాడు సీసం అని రాసి, దాన్ని ఎలా కనిపెట్టాడో తర్వాత నింపుకుంటాడు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కింద నుంచి పైకి పాకిన మెట్లను మనవాళ్లు పై నుంచి కిందికి హాయిగా దిగుతున్నారు. దిగడం తేలికని ఫిజిక్సే చెబుతుంది.

ల్యాబులో ఎక్కువసేపు తిరిగితే ఏమవుతుందో మన పక్కనే ఉదాహరణ ఉంది. సర్ సి.వి. రామన్ విశాఖపట్నంలోనే పెరిగారు. ఎ.వి.ఎన్. కాలేజీలో ఎఫ్.ఏ., అంటే ఆనాటి ఇంటరు, పదమూడేళ్లకే ప్యాసయ్యారు. ఆపైన ఆర్థిక శాఖలో బంగారంలాంటి ప్రభుత్వోద్యోగం. కుదురుగా ఉండొచ్చు కదా? కలకత్తాలో ఆఫీసు వేళలు కాగానే బౌబజారు వీధిలోని సైన్సు సంఘం ల్యాబుకు వెళ్లే అలవాటు పట్టుకుంది. అది ముదిరి 1917లో ఉద్యోగం వదిలేసి, అంతకన్నా తక్కువ జీతానికి ప్రొఫెసరుగా చేరారు. 1930లో నోబెల్ వచ్చింది, కాదనను. కానీ పెళ్లి సంబంధం వెతుకుతున్న ఏ తండ్రినైనా అడగండి, వీటిలో ఏ సంవత్సరం గురించి ముందు ఆరా తీస్తాడో. ఆయన 1928 ఫిబ్రవరి 28న కనిపెట్టిన దానికి గుర్తుగా ఆ రోజును జాతీయ విజ్ఞాన దినంగా జరుపుకుంటున్నాం. ఆ రోజుకు మన ఇంటర్ పిల్లలు థియరీ పరీక్షల హడావుడిలో ఇంపార్టెంట్ ప్రశ్నలు వల్లె వేస్తూ ఉంటారు. రామన్‌కు అంతకన్నా ఘనమైన నివాళి ఏముంటుంది?

ఇంత చెప్పినా మావాడికి ఆ దురలవాటు తగులుకోబోయింది. తాళం పగిలిన వారంలోనే ఒకరోజు వాడి బ్యాచ్‌కు ల్యాబులో గంట సమయం ఇచ్చారు. మిగతావాళ్లు బెంచీల మీద రికార్డులు పూర్తి చేసుకుంటుంటే, వీడు మూలన ఉన్న లోలకం దగ్గరికి వెళ్లి నిజంగానే ఊపాడట. దారం వంద సెంటీమీటర్లు కొలిచాడు. ఇరవై డోలనాలకు 40.7 సెకన్లు వచ్చింది. లెక్క కడితే 980 దగ్గర రావాల్సిన గురుత్వ త్వరణం 953 తేలింది.

లెక్చరరు గారు చూసి నిర్ఘాంతపోయారు. "ఏరా, భూమ్యాకర్షణ నీ ఒక్కడికే తగ్గిందా?"

"దారం వరకే కొలిచాను సార్. గుండు మధ్య వరకు కొలవాలి కదా, కొక్కెం కూడా కలపలేదు. ఇంకోసారి చూస్తాను."

పాఠ్యపుస్తకంలో ఉన్న ఆ మాటే వాడి రికార్డులోనూ ఉంది, వాడి చేత్తోనే రాసి ఉంది. కానీ అది వాడికి అర్థమైంది ఆ నిమిషంలోనేనట. ఫోనులో చెబుతుంటే గొంతులో ఏదో సంబరం. "రెండున్నర, మూడు సెంటీమీటర్లు బాబాయ్! అంతే తేడా!" నాకు భయం వేసింది. జ్వరం వచ్చిందేమో కనుక్కోమని అన్నయ్యకు ఫోన్ చేశాను.

అదృష్టవశాత్తూ లెక్చరరు గారు అనుభవజ్ఞులు. బయట తర్వాతి బ్యాచ్ ఎదురుచూస్తోందని చెప్పి, రబ్బరు చేతికిచ్చి, 953 చెరిపించి 980 వేయించారు. దానికి తగ్గట్టు కాలం 40.1 అని దిద్దించారు. ప్రాక్టికల్స్‌లో మావాడికి ముప్పైకి ముప్పై వచ్చాయి. వాడి బ్యాచ్‌లో అందరికీ ముప్పైకి ముప్పై వచ్చాయి. లోలకం దగ్గరికి వెళ్లని వారికి కూడా.

పరీక్షలు ముగిసిన మర్నాడే ల్యాబుకు కొత్త తాళం వేశారట. పాతదానికన్నా పెద్దది, ఇత్తడిది. కాలేజీ ఖాతాలో దాని ఖరీదు 'ప్రయోగశాల పరికరాలు' పద్దు కింద రాసుకున్నారని విన్నాను.