చేతికి తెలిసిన దారి మూసేస్తే ఎట్టా

సాఫ్ట్‌వేర్‌కి కొత్త డిజైన్ వస్తే పాతవాళ్లకి నాలుగు రోజులు ఇబ్బంది, తర్వాత అలవాటైపోద్ది అని ఒక ఆర్టికల్‌లో రాశారు, నేను ఒప్పుకోను. కావలిలో రొయ్యల మేత షాపులో పదమూడేళ్లుగా బిల్లులు కొడతన్నా. పాత సాఫ్ట్‌వేర్‌లో నా కళ్లు రైతు మొహం మీదే ఉండేవి, వేళ్లు వాటంతటవే పోయేవి, మేత నంబరు, బస్తాలు, ఎంటర్, అయిపోయె. అప్‌డేట్ తర్వాత ప్రతిదానికీ మౌస్ పట్టుకోని వెతకాల, స్క్రీన్ నిండా పెద్ద పెద్ద బొమ్మలు, మిగతాదంతా ఖాళీ జాగా, ముందు ఒకే పేజీలో ఇరవై లైన్ల పైన కనపడేవి ఇప్పుడు పది కూడా లేవు, పాత బాకీ చూడాలంటే మూడు క్లిక్కులు, పొద్దున్నే బయట ఆటోలు బారుగా నిలబడుంటే ఆ మూడు క్లిక్కులే ప్రాణం తీస్తాయి. ఆరు నెలలైంది, ఇంకా పాత స్పీడు రాలా. కొత్తగా చేరిన పిల్లోడికి మాత్రం ఇదే సులువు, అది నిజమే, కాదన్ను.

ఆఫీస్ 2007లో మైక్రోసాఫ్ట్ వాళ్లు మెనూలు తీసేసి రిబ్బన్ అని పైన బటన్ల పట్టీ పెట్టారు గదా, అయినా ఎక్సెల్‌లో పాత మెనూల నాటి ఆల్ట్, ఈ, ఎస్ కీలు కొడితే పేస్ట్ స్పెషల్ (కాపీ చేసిందాన్ని ఎట్టా అతికించాలో అడిగే పెట్టె) వచ్చేది. విండోస్ 8లో తీసేసిన స్టార్ట్ బటన్‌ని 2013లో 8.1లో మళ్లీ తెచ్చారు. రంగులు ఏమన్నా మార్చుకోండి, కీబోర్డు షార్ట్‌కట్లు మాత్రం ఉన్నయ్యి ఉన్నట్టే ఉంచండి.