వాచ్‌మన్ పెట్టిస్తే మాత్రలన్నీ ఆగిపోతాయా?

గుండెలో పుట్టే రక్తపు గడ్డలు బయటికి పోకుండా అడ్డుకునే వాచ్‌మన్ పరికరం పెట్టించుకుంటే రక్తం పలచబడే మాత్రలు ఇక అక్కర్లేదన్నట్టు మీ వ్యాసంలో రాశారు గానీ, అంత సులువేం కాదండీ. మా మామయ్యకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు. రక్తం పలచబడేందుకు ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటూ నెలనెలా ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) చూపించుకునేవారు, అది 2కీ 3కీ మధ్య ఉండాలి, పాలకూర పప్పు వరసగా రెండ్రోజులు తిన్నా లెక్క తప్పేది, ఓసారి పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగక వాష్‌బేసిన్ అంతా ఎర్రగా అయిపోయింది. ఇలా మాత్రలు పడనివాళ్లకే ఈ పరికరం. తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం పంపి, గుండె ఎడమ కర్ణికకి (పై గదికి) ఉండే చిన్న సంచి మూతికి బిరడాలా బిగిస్తారు. కవాటం జబ్బు లేనివాళ్లలో 90 శాతం దాకా రక్తపు గడ్డలు ఆ సంచిలోనే పుడతాయి. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. కానీ దాని మీద పొర పెరిగేదాకా, అంటే నెలన్నర పైనే, ఏదో ఒక మందు తప్పదు, తర్వాత కూడా చాలామందికి ఆస్పిరిన్ ఉంటుంది. గుండెదడ మాత్రం ఎక్కడికీ పోదు, దానికి వైద్యం వేరే. ఇంకో సంగతి, మన దగ్గర చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో గుండెలోని మైట్రల్ కవాటం సన్నబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇది సరిపడదు. ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు!