తూకంలోనే తినేస్తే ఎలా?

మామిడి సీజన్ మొదలైంది. నూజివీడు, మైలవరం వైపు నుంచి తెల్లారకముందే ట్రాక్టర్లు యార్డుల ముందు బారులు తీరుతున్నాయి. కాటా దగ్గర పాత దోపిడీ కూడా మళ్లీ మొదలైంది. దాని పేరు తరుగు.

టన్ను తూగితే చిట్టీలో టన్ను రాయరు. కాయ దారిలో కుళ్లుతుంది కాబట్టి కొంత తీసేస్తామంటారు. మచ్చకాయ, పగిలిన కాయ ముందే ఏరి పక్కన పోయించారు కదా? మిగిలిన మంచి కాయకు, రేపు కుళ్లబోతుందని ఈరోజే కోత ఏమిటి? టన్నుకు 50 కిలోలు తీశారనుకుందాం. కిలో 20 రూపాయల లెక్కన వెయ్యి రూపాయలు పోయినట్టే. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ మాత్రం రైతు పూర్తిగా కట్టాలి.

దూరం పోయే సరుకులో కొంత పాడవుతుంది, ఆ నష్టం మేమెలా భరిస్తామని వ్యాపారులు అంటున్నారు. నష్టం ఉంటుంది, కాదనం. అది ధరలో చూసుకోవాలి, తూకంలో కాదు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర డజను కొనే మనిషి ఇచ్చే డబ్బులోనూ ఆ నష్టం కలిసే ఉంటుంది. ఒకే కుళ్లుకు రెండుచోట్ల వసూలు!

చెట్టు నుంచి తెగాక కాయ ఆగదు. చిక్కంతో, తొడిమ ఉంచి, సొన అంటకుండా ఎంత జాగ్రత్తగా కోసినా మే ఎండకు రోజుల్లోనే రంగు తిరుగుతుంది. 13 డిగ్రీల చల్లదనంలో పెడితే రెండు మూడు వారాలు నిలుస్తుంది గానీ, అలాంటి గది ఎంతమంది రైతులకు అందుబాటులో ఉంది? వెనక్కి తీసుకుపోలేడని తెలిసే చిట్టీలో కోత పెడుతున్నారు.

అడిగితే ఏళ్లుగా ఉన్న మామూలే అంటారు. మమ్మల్ని భయపెడుతున్నది ఈ మాటే. ఈ ఏడాది మామిడికి మామూలైతే వచ్చే ఏడాది జామకు, నిమ్మకు, అరటికి మామూలవుతుంది. ఆగని సరుకు పండించే ప్రతి రైతు మెడకూ ఇదే తాడు. 1966 నుంచి మార్కెట్ల చట్టం ఉంది, కమిటీలున్నాయి, తనిఖీ సిబ్బంది ఉన్నారు. మామూలు ముందు వీళ్లంతా ఎందుకు నోరు విప్పరు?

2025లో తోతాపురి మామిడి ధర పడిపోతే ప్రభుత్వం రైతుకు కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. మంచి పని. తరుగు ఆపడానికైతే ఖజానా తెరవక్కర్లేదు. తూగిందంతా చిట్టీలో రాయించే మనిషి ఒకరు కాటా పక్కన నిలబడితే చాలు. సీజన్ అయిపోయాక ఏసీ గదిలో సమీక్ష పెడితే రైతుకు ఒరిగేదేమీ లేదు. మార్కెటింగ్ అధికారులు రేపు తెల్లవారుజామున నాలుగింటికి యార్డుకు రావాలి. కాటా అక్కడే ఉంటుంది, చిట్టీలూ అక్కడే ఉంటాయి.