పన్నెండో గంట పాపాత్ములు

పని గంటల నిబంధన మీరినందుకు అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల ఉద్యోగాలు ఊడుతున్నాయంటే కొందరు జాలి పడుతున్నారు. నాకైతే ఒళ్లు మండుతోంది. గడియారం చూసుకుని బండి నడపడం కూడా చేతకాని వాణ్ని ఏ కంపెనీ మాత్రం ఎన్నాళ్లు భరిస్తుంది?

నిబంధన పసిపిల్లలకైనా అర్థమవుతుంది. వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నవాడు 11 గంటలు నడపొచ్చు. ఆ 11 గంటలూ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే ముగియాలి. 8 గంటలు నడిపాక అరగంట ఆగితేగాని ముందుకి నడపకూడదు. 8 రోజుల్లో 70 గంటల డ్యూటీ అయిపోతే ఇక స్టీరింగ్ ముట్టకూడదు. 34 గంటలు ఖాళీగా ఉంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇది చదువుతుంటే మీకు ఆవలింతలొస్తే మీరూ కాసేపు పక్కకి ఆపండి.

ఒకప్పుడు ఈ పద్దంతా కాగితం మీద ఉండేది. అందులో కథలే ఎక్కువని డ్రైవర్లే దాన్ని ‘కామిక్ బుక్’ అనేవారు. 2017 డిసెంబరు నుంచి ఇంజనుకే ఒక చిత్రగుప్తుణ్ని తగిలించారు. పేరు ఈఎల్‌డీ, అంటే ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్. బండి గంటకి 5 మైళ్ల వేగం అందుకుంటే చాలు, ‘డ్రైవింగ్’ అని రాసేసుకుంటాడు. 2000కి ముందు తయారైన ఇంజన్లకి మాత్రం ఈయన అక్కర్లేదు. పాత బండి నడిపేవాడు అబద్ధమాడడని సర్కారు నమ్మకం కాబోలు.

ఇక వీళ్ల సణుగుడు వినండి. పొద్దున 6కి డ్యూటీ ఎక్కి 7కల్లా గోదాము చేరితే, సరుకు ఎక్కించి దించే డాక్ ఖాళీ లేదని మధ్యాహ్నం 1 దాకా కూర్చోబెట్టారట. 14 గంటల గడియారం అందాకా ఆగదు గనక, రాత్రి 8 లోపు నడపడానికి మిగిలింది 7 గంటలేనట. అయితే ఏం? కూర్చున్నది మెత్తటి సీట్లోనేగా! ఆ ఆరు గంటలకి కూలి ఏదని ఇంకో పేచీ. చాలామందికి జీతం మైళ్ల లెక్కన. నిలబడ్డ బండి మైళ్లు తిరగదు. పోనీ ఓవర్‌టైం? వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇమ్మనే 1938 నాటి చట్టం, రాష్ట్రాలు దాటే డ్రైవర్లలో చాలామందిని తెలివిగా పక్కన పెట్టింది. వాళ్ల గంటలు లెక్కపెట్టేది అలసట కోసం. డబ్బు కోసం కూడా లెక్కపెడితే లెక్కలు కలిసిపోవూ!

డ్రైవర్లకి లోడ్లు అప్పగించే డిస్పాచరు చట్టం మీరమని అనడు. అలా ఒత్తిడి పెట్టడం 2016 నుంచి నిషేధం. ‘‘ఎలా వస్తావో నీ ఇష్టం, లోడు మాత్రం పొద్దున 6కి అక్కడుండాలి’’ అంటాడంతే. దాన్ని ఒత్తిడి అనరు, సమాచారం అంటారు.

ఆ సమాచారం అందుకున్నవాడు పన్నెండో గంటలోనూ నడుపుతూ తనిఖీలో దొరికితే, రోడ్డు పక్కన 10 గంటలు కదలకుండా నిలిపేస్తారు. కంపెనీ రికార్డు మీద మచ్చ పడుతుంది, ఇన్సూరెన్సు వాళ్లు మొహం చిట్లిస్తారు. కంపెనీ తన భద్రతా దీక్షని చాటుకోవాలంటే అతన్ని పంపించెయ్యడమే దారి. కొత్త కంపెనీకి వెళితే వాళ్లు మూడేళ్ల తనిఖీల చిట్టా ముందేసుకుని కూర్చుంటారు.

నిబంధన కఠినమే గాని దయలేనిది కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి దుకాణాలు ఖాళీ అవగానే, మందులూ తిండీ మోసేవాళ్లకి ఈ గంటల పరిమితే ఎత్తేశారు. జనానికి సరుకు అవసరమైనప్పుడు డ్రైవరుకి నిద్ర రాదన్న వైద్య రహస్యం అప్పుడే బయటపడింది.

మన దేశాన్ని చూసి నేర్చుకోవచ్చు. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రాసిపెట్టుకున్నాం. పైలట్లకున్నట్టే లారీ డ్రైవర్లకీ గంటలు నిర్ణయించాలని 2021లో కేంద్ర మంత్రి గడ్కరీ గారు పిలుపునిచ్చారు. అరవయ్యేళ్ల పాటు చట్టానికి ఇంత నిండు విశ్రాంతి ఇచ్చిన దేశం ఇంకోటి ఉంటుందా?

చివరగా, గోదాము మేనేజరుకి కూడా ఒక ఈఎల్‌డీ తగిలించమని డ్రైవర్ల పక్షాన ఒక అమాయకుడు సలహా ఇచ్చాడు. ప్రయోజనం లేదు. ఆయన వేగం గంటకి 5 మైళ్లు ఎన్నడూ దాటదు. యంత్రం ఆయన విశ్రాంతిలోనే ఉన్నాడని రాసుకుంటుంది.