చిట్టీ డబ్బుకు ప్లాటా?

చిట్టీ పాడుకున్నవారికి పాటలో దక్కిన సొమ్ము (ప్రైజ్ మనీ) ఇవ్వకుండా నెలల తరబడి తిప్పుకోవడం, గట్టిగా నిలదీస్తే 'డబ్బు లేదు, ప్లాటు రాయించుకోండి' అనడం వరంగల్, హనుమకొండల్లో కొన్ని చిట్‌ఫండ్ కంపెనీలకు రివాజైపోయింది. కూతురి పెళ్లికని పాట పాడిన తండ్రికి ఊరి బయట పత్తి చేను పక్కన నాలుగు హద్దురాళ్లు చూపిస్తారు. గజం ధర కంపెనీ చెప్పిందే. లేఔటుకు అనుమతి ఉందో లేదో చెప్పే నాథుడు ఉండడు. మిగిలిన వాయిదాలు మాత్రం నగదుగానే కట్టాలట!

అసలేమీ రాకపోవడం కన్నా ఏదో ఒకటి దక్కడం మేలని పెద్దమనుషులు సర్దిచెబుతున్నారు. దిక్కుతోచని బాధితుడు ఒప్పుకుంటే అతన్ని తప్పుపట్టలేం. పోలీసులు, చిట్టీలను పర్యవేక్షించే రిజిస్ట్రార్లు ఆ పంచాయితీని చూసీచూడనట్టు వదిలేయడమే క్షమించరానిది. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా చిట్టీల కంపెనీ మరో వ్యాపారం చేయకూడదు. చందాదారుల సొమ్ము దారి మళ్లించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. మరి కంపెనీకి ఇన్ని ప్లాట్లు ఎక్కడివి? ఆ ప్లాటే నేరానికి సాక్ష్యం. సాక్ష్యాన్ని బాధితుడికే అంటగట్టి ఫిర్యాదును మూసేస్తున్నారు. ఒక కంపెనీకి ఇది చెల్లితే, రేపు ప్రతి కంపెనీ జనం సొమ్ముతో భూములు కొంటుంది, ధర పెరిగితే తాను తింటుంది, పడిపోతే చందాదారుడి నెత్తిన రుద్దుతుంది.

చేరేముందు అడగాల్సినవి అడగాలి. గ్రూపు రిజిస్టరైందా, చట్టం కోరిన హామీ రిజిస్ట్రార్ పేరిట ఉందా అని రిజిస్ట్రార్ కార్యాలయంలోనే విచారించుకోవాలి. తెలిసిన ఏజెంటే కదా అని రసీదు లేకుండా వాయిదా ఇవ్వకూడదు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం దాటకూడదు. 'ప్రైజ్ మనీ మా దగ్గరే ఉంచండి, వడ్డీ ఇస్తాం' అన్నారంటే, అక్కడ డబ్బుకు కటకట మొదలైందని అనుమానించాల్సిందే.

అయితే జాగ్రత్తలన్నీ జనానికే చెప్పి అధికారులు చేతులు దులుపుకొంటే కుదరదు. ప్రతి పాటలో జరిగింది రాసిన మినిట్స్ 21 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చేరాలని చట్టం చెబుతోంది. వాటిని తెరిచి చూసేవారుంటే ప్రైజ్ మనీ ఎగవేత బోర్డు తిప్పేసే దాకా తెలియకుండా ఉంటుందా? కంపెనీ పేరిట, బినామీల పేరిట ఉన్న భూములను 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద జప్తు చేసి, బహిరంగంగా వేలం వేసి, వచ్చిన నగదు బాధితులకు పంచాలి. ఆ పని చేతకాని అధికారులు ప్లాట్ల పంచాయితీలకు పెద్దరికం వహించడం మానుకోవాలి.