గ్రూపులో పెట్టాం కదండీ, చూడలేదా?

ఇప్పుడే పాపని బడిలో దింపి ఇంటికొచ్చాను. స్కూటీ తాళం ఇంకా చేతిలోనే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. ఇది రాసి పడేస్తేగానీ మిషన్ ముందు కూర్చోలేను. ఈ కోపంలో కూర్చుంటే సూది నా వేలికే దిగుతుంది.

బడి గేటు దగ్గర స్కూటీ ఆపి చూద్దును కదా, ఎటు చూసినా పచ్చే. ఆకుపచ్చ గౌన్లు, ఆకుపచ్చ టీ షర్టులు. ఒక బాబుకైతే ఏకంగా చిలక వేషం వేశారు, అట్టముక్కతో ఎర్ర ముక్కు కూడా. వాళ్ళందరి మధ్యలో మా యూకేజీ పిల్ల, ఎర్రగళ్ళ యూనిఫాం, ఇస్త్రీ మడత నలగకుండా, మెడకి టై. "అమ్మా, ఇవాళ ఏంటీ?" అంది. నాకేం తెలుసు తల్లీ ఇవాళ ఏంటో.

టీచర్‌ని అడిగితే నవ్వుతూ చెప్పింది. "గ్రీన్ డే మేడమ్. గ్రూపులో పెట్టాం కదండీ, చూడలేదా?"

చూడలేదు. ఎందుకు చూడలేదంటే ఆ మెసేజ్ పెట్టింది రాత్రి 10 గంటల 47 నిమిషాలకి. ఇంటికి రాగానే బీరువాలోంచి ఫోన్ తీసి చూశాను కాబట్టి నిమిషాలతో సహా చెప్తున్నాను. దాని కింద వరసగా "ఓకే మేడమ్", "థాంక్యూ మేడమ్", రెండు చేతుల దణ్ణాలు. రాత్రి పదకొండింటికి ఆకుపచ్చ గౌను ఎక్కణ్ణుంచి తెస్తామని ఒక్క తల్లి అడగలేదు, ఒక్క తండ్రి అడగలేదు. అందరిళ్ళలో రెడీగా ఉన్నాయా, లేక అర్ధరాత్రి అటకలెక్కారా? ఆ చిలక ముక్కు ఎప్పుడు కత్తిరించారమ్మా మీరు?

పాపం వాచ్‌మన్ తాత. మా పిల్ల మొహం చూసి, చేతిలో ఆడుతున్న వీడియో ఆపి ఫోన్ కుర్చీలో పెట్టాడు. గోడ పక్కన వేపచెట్టుది చిన్న రెమ్మ తుంచి, దులిపి, దాని జడలో తురిమాడు. "ఇదిగో బంగారూ, నీది కూడా పచ్చే" అన్నాడు. పిల్ల నవ్వుకుంటూ లోపలికి పోయింది. అక్కడ ఉన్నంతమందిలో దానికి కావలసిందేంటో తెలిసింది ఆయనకొక్కడికే. గ్రూపు ఫొటోలో దాన్ని ఏ చివర నిలబెడతారో నాకు తెలుసు, మధ్యాహ్నానికి ఆ ఫొటో కూడా గ్రూపులోనే వస్తుంది. చూడకపోతే మళ్ళీ తప్పు నాదే.

ఫోన్ బీరువాలో ఎందుకుందో మీలో కొందరికి తెలుసు. మూడు వారాల క్రితం ఇక్కడే డప్పు కొట్టి మరీ చెప్పాను కదా, ఫోన్ తగ్గిస్తున్నానని. సిమ్ తీసి మా మామగారి పాత కీప్యాడ్ ఫోన్‌లో వేసుకున్నాను. స్మార్ట్ ఫోన్ పట్టుచీరల కింద పెట్టాను. రోజుకి ఒక్కసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట, ఇంట్లో వైఫైతో చూసుకుని మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను.

తగ్గించాలని ఎందుకనిపించిందో కూడా చెప్తాను, సిగ్గేం లేదు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఒకరోజు బాబిన్‌లో దారం అయిపోయింది. దారం చుట్టేలోపు ఒక బ్యాక్ నెక్ డిజైన్ చూద్దామని ఫోన్ తీశాను. తలెత్తేసరికి గంట దాటింది. అప్పటికి నేను కెనడాలో ఎవరిదో వంటిల్లు చూస్తున్నాను, వాళ్ళ గంటెలు ఏ సొరుగులో ఉంటాయో కూడా చూసేశాను. ఖాళీ బాబిన్ ఒళ్ళోనే ఉంది. నాకు కెనడాలో ఎవరూ లేరండీ.

వేలితో జరిపే కొద్దీ కింద ఇంకోటి వచ్చే ఆ పద్ధతి, అడుగు లేని బావి లాంటిది, 2006లో అజా రాస్కిన్ అనే ఆయన తయారుచేశాడట. తర్వాత ఎందుకు చేశానా అని ఆయనే నలుగురిలో బాధపడ్డాడు. బాధపడి ఏం లాభం నాయనా, నా దారం చుట్టిపెడతావా? 2018లో యాపిల్ వాళ్ళు, గూగుల్ వాళ్ళు ఇద్దరూ ఫోన్లలోనే టైమ్ లెక్కలు, యాప్‌లకి లిమిట్లు పెట్టారు. కల్లు దుకాణం వాడే గుమ్మంలో "మితంగా తాగండి" అని బోర్డు పెట్టినట్టు. ఆ లిమిట్ పెట్టేదీ మనమే, అయిపోగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేసేదీ మనమే. 2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ చేశారని మా అత్తగారు హమ్మయ్య అనుకునేలోపే జులైలో రీల్స్, సెప్టెంబర్‌లో షార్ట్స్ దిగిపోయాయి. ఆ రెండోదాంట్లోనే ఇప్పుడు మా అత్తగారు ఉన్నారు, అది వేరే సంగతి.

బీరువాలో పెట్టాక మాత్రం నిజంగా టైమ్ దొరికింది. దసరాకి ముందు నుంచి మూలన పడున్న చీరలకి ఫాల్స్ కుట్టేశాను. జాకెట్లకి హుక్స్ అప్పటికప్పుడే వేసేస్తున్నాను, ఇదివరకు డెలివరీ రోజు పొద్దున్న వేసేదాన్ని. ఒక సాయంత్రమైతే ఏం తోచక, అవును, ఏం తోచక, ఆ మాట నోటినుంచి వచ్చి ఎన్నేళ్ళయిందో, జంతికలు చేద్దామని పిండి కలిపాను. తీరా చూస్తే ఇంట్లో గొట్టం లేదు. ఎక్కడుందో తర్వాత చెప్తాను.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. "నీకు విల్ పవర్ లేదు, అందుకే బీరువాలో పెట్టాల్సి వచ్చింది" అన్నారు. ఈ ముక్క బాత్‌రూమ్ తలుపు వెనకనుంచి అన్నారు. లోపలికెళ్ళి నలభై నిమిషాలైంది, లోపల కామెంటరీ వినిపిస్తోంది, గీజర్ వేసినవాళ్ళు లేరు.

సరే, మళ్ళీ బడి దగ్గరికి. ఇదే బడిలో మొన్న శనివారం ఏం జరిగిందో తెలుసా? తల్లిదండ్రులకి సదస్సు. దేనిమీదంటే, ఫోన్ ఎలా తగ్గించాలి అని. ఆహ్వానం ఎక్కడొచ్చింది? గ్రూపులో, పీడీఎఫ్. గుమ్మంలో హాజరు వేయించుకోవాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. నేను కీప్యాడ్ ఫోన్ తీస్తే ఆ అమ్మాయి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి "స్మార్ట్ ఫోన్ లేదా మేడమ్? పక్కవాళ్ళది తీసుకోండి" అంది. ఫోన్ తగ్గించుకోవడం గురించి వినడానికి ఫోన్ అప్పు అడుక్కుని లోపలికెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు మొత్తం స్పీచ్ వీడియో తీశారు. చివర్లో అభిప్రాయం చెప్పడానికి లింకు, అదీ గ్రూపులోనే.

వచ్చినాయన మంచి విషయమే చెప్పాడు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో వడగావ్ అని ఒక ఊరుంది, అక్కడ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది, ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేస్తారు, మళ్ళీ ఎనిమిదిన్నరకి మోగేదాకా పిల్లలు చదువుకుంటారు అని. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను. కానీ బాబూ, అక్కడ ఊరు ఊరంతా ఒక మాట మీద కట్టేసింది. ఇక్కడ నేనొక్కదాన్నే కట్టేస్తే మా పిల్ల ఎర్రగళ్ళ గౌనులో నిలబడింది. సైరన్ ఆ ఊరికి మోగింది, మాకు ఏడింటికి మోగేది మీ హోంవర్క్ మెసేజే. డైరీ అని ఒక పుస్తకం ఉండేది, యాభై రూపాయలకి మీరే అమ్మారు, అందులో ఒక్క ముక్క రాస్తే మీ పెన్ను అరిగిపోతుందా?

ఒక్క బడేనా? రైతు బజార్‌లో చిల్లర లేదంటారు. కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా డబ్బు పంపొచ్చని 2022లో రిజర్వ్ బ్యాంక్ యూపీఐ 123పే అని ఒకటి తెచ్చింది, నేను అది కూడా ట్రై చేశాను. నంబరుకి ఫోన్ చేసి, అది మాట్లాడేది విని, నొక్కమన్నవి నొక్కుతూ కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడ్డాను. వెనక లైను పెరిగిపోతోంది. చివరికి ఆ కూరగాయలావిడే "రేపిద్దువులే అమ్మా, పో" అంది. మూడు వందల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లోనే, పదింటికి తెరిస్తే క్యూలో పడ్డామో లేదో చూసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పెట్టింది, మొదటిరోజే 161 సేవలు వాట్సాప్‌లో. మంచిదే, ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. కానీ నా మిత్రుడు పట్టుచీరల కింద ఉన్నాడు కదా, ఏం చేయను?

ఈ లోకంలో నా కీప్యాడ్ ఫోన్‌కి ఇంకా మర్యాద ఇస్తున్నది గ్యాస్ బండ ఒక్కటే. మిస్డ్ కాల్ ఇస్తే బుక్ అవుతుంది, డెలివరీ కోడ్ మామూలు మెసేజ్‌లో వస్తుంది. బండ మోసుకొచ్చిన అబ్బాయికి కోడ్ చదివి వినిపిస్తుంటే కళ్ళు చెమర్చాయి.

నా కస్టమర్లు ఇంకో రకం. ఇదివరకు ఆది జాకెట్టు తెచ్చి, గుడ్డ ఇచ్చి, మెడ ఇంత లోతు అని వేలితో చూపించి పోయేవాళ్ళు. ఇప్పుడు అర్ధరాత్రి ముప్ఫై ఫొటోలు పంపి "ఇందులో ఏదో ఒకటి అక్కా" అంటారు. చూడకపోతే "బ్లూ టిక్ రాలేదేంటక్కా, కోపమా?" కోపం కాదమ్మా, నిద్ర.

అసలు ఇవాళ టీచర్ ఆ మాట అనగానే నాకు అంత మండిందెందుకో స్కూటీ మీద వస్తుంటే అర్థమైంది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో మా బావగారి కొత్తింటి గృహప్రవేశం. వాళ్ళ ఇల్లు మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. మా అమ్మ తుంటి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉంది, నేను ఆవిడ మంచం పక్కన ఉన్నాను, మా ఆయన క్యాంపులో ఉన్నారు. "మన కుటుంబం" గ్రూపులో ఎవరివో పుట్టినరోజు శుభాకాంక్షలు, గుడ్ మార్నింగ్ గులాబీలు, వాటి మధ్యలో వేణువు మ్యూజిక్‌తో ఒక వీడియో. అదీ మాకు వచ్చిన పిలుపు. నేను చూడలేదు. పాలు పొంగాయి, భోజనాలయ్యాయి, నాలుగో రోజు ఫొటోలు చూసి ఫోన్ చేస్తే మా తోటికోడలు ఏమంది? "గ్రూపులో పెట్టాం కదా, చూడలేదా?"

పైగా చుట్టాలందరి దగ్గరా "పిలిచినా రాలేదు" అని. పిలవడమంటే ఏంటో మా నాన్నని చూసి నేర్చుకున్నాను నేను. నా పెళ్ళికి శుభలేఖల అంచులకి పసుపు రాసి, మా అమ్మని వెంటబెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టించి పిలిచాడు. ఎవరైనా ఇంట్లో లేకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. తోటికోడలికి బొట్టు పెట్టడానికి ఆరు కిలోమీటర్లు రాలేకపోయినవాళ్ళు గ్రానైట్ చూడటానికి ఒంగోలు దాకా వెళ్ళారు.

అక్కా, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. లైక్ కొట్టవు, కామెంట్ పెట్టవు, కానీ సాయంత్రానికి అత్తగారికి ఫోన్ చేసి "చూశారా అత్తయ్యా, ఏం రాసిందో" అంటావు. అను. అనేటప్పుడు, పోయిన సంక్రాంతికి పట్టుకెళ్ళిన నా ఇత్తడి జంతికల గొట్టం ఎవరితోనైనా పంపించు. చేతికిచ్చి పంపించు, గ్రూపులో పెట్టకు.